‘ఫ్రమ్ కడప ఓన్లీ’ అనొద్దు

కర్నూలు, కడప, అనంతపురం నుంచి చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్, అమెరికా చేరినవాళ్ళ ఇంగ్లిష్‌లో యాస కంటే ముందు పట్టుబడే మాట ‘ఓన్లీ’. మిగతా తప్పుల్ని అక్కడివాళ్ళు సర్దుకుని అర్థం చేసుకుంటారు. దీన్ని మాత్రం ఒక్కోసారి వేరే అర్థంలో తీసుకుంటారు, ఆ సంగతి మనకు తెలియను కూడా తెలియదు.

చిక్కంతా మాట చివర మనం పెట్టే ‘ఏ’తో, అది వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో ఓన్లీ పెట్టేస్తాం. ‘ఈడనే ఉండా’, ‘ఆయప్పే చెప్పినాడు’, ‘రెండు బ్యాగులే ఉండాయి’. మొదటి రెండింట్లో అది మాటను నొక్కుతుంది, మూడోదాంట్లో ఇంతకు మించి లేదంటుంది. ఓన్లీ చేసేది ఆ రెండో పని.

అందుకే ‘ఏ’ తీసేసి ‘మాత్రమే’ పెట్టి చూసుకోండి. ‘రెండు బ్యాగులు మాత్రమే’ అతికింది, కాబట్టి ‘ఓన్లీ టూ బ్యాగ్స్’ సరే. ‘ఈడ మాత్రమే ఉండా’ అతకదు. ‘ఐ యామ్ రైట్ హియర్’ అనాలి. ఆయప్పే చెప్పినాడంటే ‘హీ ఈజ్ ద వన్ హూ టోల్డ్ మీ’. ఊరి పేరుకైతే ఏ తోకా అక్కర్లేదు: ‘ఐ యామ్ ఫ్రమ్ కడప’.

కాలం చెప్పేటప్పుడు ఈ పరీక్ష పనికిరాదు. ‘నిన్ననే వచ్చినా’కు ఓన్లీ వస్తుంది, చివర్లో కాదు, క్రియకు ముందు: ‘ఐ ఓన్లీ గాట్ హియర్ ఎస్టర్డే’. ‘ఇప్పుడే తిన్నా’కు ‘నౌ ఓన్లీ’ వద్దు, ‘ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్’ అనండి.

అసలు జాగ్రత్త డబ్బు దగ్గర. ‘అద్దె నేనే కడతా’ అనుకుంటూ ‘ఐ ఓన్లీ విల్ పే ద రెంట్’ అంటే, అద్దె తప్ప కరెంటు, గ్యాస్ బిల్లులు కట్టరని ఇంటి ఓనరుకు తోచవచ్చు. ‘ఓన్లీ ఐ విల్ పే’ అంటే మీ రూమ్మేట్లెవరూ పైసా ఇవ్వరని. మీ మనసులోది ‘ఐ విల్ పే ద రెంట్ మైసెల్ఫ్’. మాట్లాడేటప్పుడు గొంతు ఒత్తును బట్టి కొంత అర్థమైపోతుంది గానీ ఈమెయిల్‌లో ఆ వీలు లేదు. అక్కడ ఓన్లీని ఏ మాటకు చెందుతుందో దాని ముందే పెట్టండి: డిపాజిట్ ఒక్కటే కట్టి ఉంటే ‘ఐ పెయిడ్ ఓన్లీ ద డిపాజిట్’.

చివర్న ఓన్లీ వచ్చినా తప్పుకానిది బోర్డుల మీద. ‘పర్మిట్ హోల్డర్స్ ఓన్లీ’ అని ఉన్నచోట పర్మిట్ లేకుండా బండి పెడితే జరిమానా పడుతుంది. ఆ ఓన్లీ అచ్చంగా మన ‘మాత్రమే’.