పార్ట్ విరిగిందా, వంగిందా, పట్టేసిందా? తప్పు మెటల్‌దేనా అని తేల్చుకోవడం ఎలా

ఇంజిన్ పార్ట్ పోయింది అని వచ్చినవాళ్లు మొదట అనేమాట "ఈసారి ఇంకా గట్టి మెటల్‌తో చెయ్యండి". లాగితే తెగకపోవడం, బరువుకి వంగకపోవడం, గీత పడకపోవడం, దెబ్బకి పగలకపోవడం... ఈ నాలుగింటినీ మనం "గట్టి" అనే అంటాం. అన్నీ ఒకే మెటల్‌లో దొరకవు. అందుకే ముందు పోయిన పార్ట్‌ని చూడాలి. విరిగిన చోట వైర్ బ్రష్‌తో రుద్దొద్దు, రెండు ముక్కల్నీ కలిపి అతికి చూడొద్దు. సాక్ష్యం అక్కడే ఉంటుంది.

కొన్నాళ్లు బాగా నడిచి, ఉన్నట్టుండి విరిగింది

విరిగిన ముఖాన్ని లైటు కింద పక్కవాటుగా పట్టుకోండి. కొంతభాగం నున్నగా, నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లా వంపు గీతలతో ఉండి, మిగతాది గరుకుగా ఉంటే అది ఫెటీగ్, అంటే పదేపదే పడే ఒత్తిడికి చిన్న పగులు మెల్లగా పెరిగి విరగడం. ఆ వంపులన్నీ ఏ చుక్క చుట్టూ తిరుగుతున్నాయో పగులు అక్కడ మొదలైంది. చాలాసార్లు ఆ చుక్క ఒక పదునైన మూల, ఆయిల్ రంధ్రం అంచు, లేదా టూల్ వదిలిన గీత అయి ఉంటుంది. అలాంటప్పుడు మెటల్ మార్చి లాభం లేదు. మూలకి రేడియస్ (గుండ్రటి వంపు) ఇవ్వండి, పాలిష్ పొడవు వెంట చేయించండి, షాట్ పీనింగ్ (చిన్న గుళ్లతో పైపొరని కొట్టి బిగించడం) చేయించండి. హార్డ్‌నెస్ (గీతకీ నొక్కుకీ లొంగని గుణం) పెంచమని మాత్రం అడగొద్దు. పెంచేకొద్దీ చిన్న గీత కూడా ప్రమాదమే.

మూలలన్నీ బాగున్నా అల్యూమినియం కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) విరిగితే అప్పుడు మెటల్‌ని అనుమానించాలి. స్టీల్‌లో ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఫెటీగ్ భయం దాదాపు లేనట్టే. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ఎన్ని తిప్పులు తిరిగిందో లెక్కపెట్టి మార్చాల్సిందే. రోజూ రోడ్డు మీద తిరిగే ఇంజిన్‌కి 4340 గ్రేడ్ స్టీల్ పెట్టుకుంటే ఈ లెక్కపెట్టే బాధ ఉండదు.

బిగించి వదిలేసిన బోల్ట్, మర్నాడు చూస్తే తల ఊడిపోయింది

ఇంజిన్ స్టార్ట్ కూడా చేయలేదు. జింక్ ప్లేటింగ్ చేసిన గట్టి బోల్ట్ అయితే దీనికి కారణం చాలావరకు హైడ్రోజన్. హార్డ్‌నెస్ రాక్‌వెల్ సి కొలతలో 40 దాటిన స్టీల్‌కి జింక్ ప్లేటింగ్ చేస్తే యాసిడ్‌లోనూ ప్లేటింగ్ తొట్టిలోనూ హైడ్రోజన్ లోపలికి చేరి స్టీల్‌ని పెళుసుగా చేస్తుంది. ప్లేటింగ్ అయిన కొన్ని గంటల్లోనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలాసేపు బేక్ చేసి (ఓవెన్‌లో వేడిచేసి) ఆ హైడ్రోజన్‌ని బయటికి పంపాలి. అసలు ప్లేటింగ్ లేకుండా నూనె పూసి వాడటం ఇంకా మేలు.

వేడెక్కాక వంగింది, లేదా వదులైంది

ఈ తప్పు నేనే చేశాను. ఎగ్జాస్ట్ పక్కన పెట్టే బ్రాకెట్‌ని 7075-టీ6 అనే అల్యూమినియం గ్రేడ్‌తో మెషిన్ చేశాను. కాగితం మీద దాని యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) సుమారు 500 మెగాపాస్కల్స్, మామూలుగా వాడే 6061-టీ6 అల్యూమినియందేమో 275. ఇక ఆలోచించేదేముంది అనుకున్నా. కానీ 7075కి ఆ బలం వచ్చేదే 120 డిగ్రీల దగ్గర ఏజింగ్ చేయడం (గంటల తరబడి వేడిలో ఉంచి బలం తెప్పించడం) వల్ల. అంతకుమించిన వేడిలో రోజుల తరబడి ఉంచితే ఆ బలం కరిగిపోతుంది. బ్రాకెట్ మెల్లగా కిందికి జారింది. వేడి చోట 2618 అల్యూమినియం గానీ, స్టీల్ గానీ వాడాలి.

స్టీల్ పార్ట్ చుట్టూ అల్యూమినియం హౌసింగ్ ఉండి, చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా, వేడెక్కాక వదులుగా ఉంటే అది వ్యాకోచంలో తేడా. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం 100 డిగ్రీలు వేడెక్కితే 0.23 మి.మీ. పెరుగుతుంది, స్టీల్ 0.12 దగ్గర ఆగుతుంది.

పొద్దున్నే టకటక, వేడెక్కాక మాయం

2618 అల్యూమినియం పిస్టన్ వేసుంటే భయపడక్కర్లేదు. అది ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు) ఎక్కువ పెడతారు. శబ్దం వద్దనుకుంటే, సుమారు 12 శాతం సిలికాన్ ఉన్న 4032 తీసుకోండి. టర్బో వేసి గట్టిగా తోలేవాళ్లకి మాత్రం 2618నే నయం, డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) దెబ్బకి అంత తేలిగ్గా పగలదు. వేడెక్కాక కూడా శబ్దం ఆగకపోతే ఇంజిన్ విప్పి కొలవాలి.

టైటానియం పెట్టిన వెంటనే గీతలు పడి పట్టేసింది

స్టీల్ బరువులో సుమారు 56 శాతమే కదా అని అందరికీ దీనిమీద మోజు. కానీ రుద్దుకునే చోట టైటానియం అంటుకుపోతుంది. కనెక్టింగ్ రాడ్ పక్క ముఖాలకి క్రోమియం నైట్రైడ్ లాంటి కోటింగ్ లేకుండా బిగించొద్దు. స్టీల్ డ్రాయింగ్‌నే తీసుకుని టైటానియంతో కోయించడం కూడా పొరపాటే. అదే సైజులో అది దాదాపు రెండింతలు వంగుతుంది.

గ్రేడ్ సరైనదే, అయినా మొదటి పరుగుకే వంగింది

హార్డ్‌నెస్ చెక్ చేయించండి. 4340 బార్ అనీల్డ్‌గా (మెత్తబరిచిన స్థితిలో) వచ్చి, మెషినింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కి వెళ్లనే ఉండదు. డ్రాయింగ్ మీద "4340" అని ఒక్కటే రాస్తే ఇలాగే అవుతుంది. క్వెంచ్ (కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం), టెంపర్ (మళ్లీ కొంచెం వేడిచేసి పెళుసు తగ్గించడం) చేయాలనీ, ఎంత హార్డ్‌నెస్ కావాలో కూడా పక్కనే రాయండి.