గేమ్ కన్సోల్ కొని అమర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గేమ్ డిస్కులు వాడే ఉద్దేశం ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ అనే కన్సోళ్లు డిస్క్ డ్రైవ్ (డిస్కు పెట్టి ఆడే భాగం) లేకుండానే వస్తాయి కనుక, పాత డిస్కులు కొని, ఆడేశాక బంధువుల పిల్లలకు ఇచ్చుకునే ఇళ్లకు అవి చౌకగా కనిపించినా చౌక కావు.

విశాఖలో అసలు బెడద ఉప్పుగాలి. పెదవాల్తేరు వంటి తీరప్రాంతపు ఇళ్లలో కన్సోల్‌ను సముద్రం వైపు కిటికీ కింద ఉంచరాదు. అలాగని తలుపులున్న టీవీ అరలో ఇరికిస్తే వేడిగాలి బయటికి పోదు. చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, గాలి రంధ్రాల్లోని దుమ్మును ప్లగ్ తీసిన తరువాతే మెత్తటి బ్రష్‌తో దులపాలి. టీవీకి కప్పినట్టు దీనికీ కుట్టుపని గుడ్డ కప్పే ముచ్చట మాత్రం వద్దు.

ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్‌ను కూడా తీసివేయాలి.

కన్సోల్‌లో ముందుగా పెద్దల పేరిట ఖాతా తెరిచి, దాని కింద పిల్లల ఖాతాలు చేర్చి, ఆడే సమయానికీ ఖర్చుకూ పరిమితి పెట్టాలి. ప్లేస్టేషన్ ఖాతాలో ఎంచుకున్న దేశాన్ని తరువాత మార్చే వీలు లేదు కనుక అక్కడ తొందరపడకూడదు. కొనుగోలు చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చిన తరువాతే కంట్రోలర్ పిల్లల చేతికి ఇవ్వాలి.