బొలెరో క్యాంపర్‌ను క్యాంపింగ్ బండిగా మారుద్దాం – 4వ పాఠం: రెండో బ్యాటరీ

పోయిన పాఠంలో వెనక పెట్టెకు ఇన్సులేషన్ పూర్తిచేశాం. ఇక కరెంటు పని: ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు నడవడానికి ఇంజన్ బ్యాటరీకి తోడు వెనక ఇంకో బ్యాటరీ పెట్టడం. దీన్ని ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించినా ఫర్వాలేదు, కానీ ఆయన ఏం చేస్తున్నాడో మీకు అర్థం కావాలి.

ముందు లెక్క చూద్దాం. 45 వాట్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండలకు రోజులో సగం సేపు తిరుగుతుందనుకుంటే 540 వాట్ అవర్లు. 20 వాట్ల ఫ్యాన్ పది గంటలకు 200. లైట్లు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి ఇంకో 140. మొత్తం 880. దీన్ని లిథియం బ్యాటరీ వోల్టేజీ 12.8తో భాగిస్తే దాదాపు 69 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది, కాబట్టి 100 ఆంపియర్ అవర్లది (ఏహెచ్) కొన్నా వాడుకోగలిగేది 50. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 దాకా ధైర్యంగా వాడొచ్చు. ఖరీదెక్కువే అయినా నేను లిథియమే పెట్టమంటాను. బానెట్ కింద మాత్రం వద్దు, ఇంజన్ వేడికి దాని ఆయుష్షు తగ్గిపోతుంది. స్పితి, లడఖ్ వైపు వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి: సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు.

ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి దీన్ని ఛార్జ్ చేయడానికి షాపులో రిలే (రెండు బ్యాటరీలను నేరుగా కలిపే స్విచ్) చాలంటారు. ఒప్పుకోకండి. లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేస్తుంది, బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది. రెండు బ్యాటరీల మధ్య కరెంటును హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెడితే ఈ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు కేబుల్. దీని దగ్గరే అందరూ పొదుపు చేస్తారు. ముందు నుంచి వెనక్కి, చాసిస్ వంపులతో కలిపి 6 మీటర్లు అనుకోండి. పాజిటివ్, నెగటివ్ రెండూ కలిపి 12. 30 ఆంపియర్లు ఇవ్వడానికి ఛార్జర్ అంతకంటే కాస్త ఎక్కువే, 35 దాకా లాగుతుంది. అలా లాగుతుంటే 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్‌లో సుమారు 1.3 వోల్టులు దారిలోనే పోతాయి. అంటే 45 వాట్లు కేబుల్‌లోనే వేడిగా మారి వృథా అవుతున్నట్టే. 16 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం అర వోల్టు లోపే. నెగటివ్‌కు కూడా విడి కేబులే లాగండి. చాసిస్‌ను నమ్ముకుంటే తుప్పు పట్టిన ఒక్క బోల్టు చాలు, వోల్టేజీ పడిపోవడానికి.

ఈ కేబుల్‌కు రెండు చివర్లా బ్యాటరీలున్నాయి, కాబట్టి రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి. 50 ఆంపియర్లది, టెర్మినల్‌కు జానెడు దూరంలోపే. ఒకవైపే పెట్టి ఊరుకుంటే, మధ్యలో ఇన్సులేషన్ తెగి చాసిస్‌కు తగిలినప్పుడు రెండోవైపు బ్యాటరీ నుంచి మంట పుడుతుంది.

లగ్గు (కేబుల్ చివర తొడిగి టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్క) బిగించడం సుత్తితో అయ్యే పని కాదు. తొడుగును లగ్గు గొట్టం లోతు ఎంతో అంతే ఒలవండి. ఒక్క పోగు కూడా బయటికి రాకుండా లోపలికి తోసి, హైడ్రాలిక్ క్రింపర్‌తో (లగ్గును నొక్కి బిగించే పనిముట్టు) నొక్కండి. తర్వాత గట్టిగా లాగి చూడండి. కాస్త కదిలినా కోసేసి మళ్లీ చేయండి. పైన హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే తొడుగు) వేయండి. రేకులోంచి కేబుల్ దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. గతుకుల రోడ్డు మీద రేకు అంచు కత్తిలా కోస్తుంది.

పని మొదలుపెట్టేముందు ఇంజన్ బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పని అయ్యాక దాన్ని మళ్లీ కలిపి, ఫ్యూజులు అన్నిటికన్నా చివర్లో పెట్టండి. బండి స్టార్ట్ చేసి, ఛార్జర్ పూర్తిగా లాగుతున్నప్పుడు ఇంజన్ బ్యాటరీ దగ్గరా, ఛార్జర్ ఇన్‌పుట్ దగ్గరా మల్టీమీటర్‌తో కొలవండి. తేడా అర వోల్టు దాటితే లగ్గులు మళ్లీ చూడండి. ఆ రీడింగులు రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో సోలార్ ప్యానెల్ కలిపేటప్పుడు పనికొస్తాయి.