సైకిల్ వెంట కుక్క పడితే ఏం చేయాలి, మన కుక్కే సైకిళ్ల వెంట పడుతుంటే ఏం చేయాలి

తెల్లవారుజామున ఐదున్నరకి నార్సింగి దాటి గండిపేట వైపు తొక్కుతుంటే రోడ్డు ఖాళీగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. అంతలో మూసి ఉన్న ఏ చికెన్ షాపు ముందు నుంచో నాలుగు కుక్కలు ఒక్కసారిగా లేచి పిక్కల మీదకి వస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల సైకిల్ తొక్కేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు దాదాపు ఉండరు. నాకు ఇంకో సంగతి కూడా తెలుసు, మా ఇంట్లో చిట్టి అనే నాటు కుక్క ఉంది, అది రెండేళ్లపాటు మా వీధిలో వెళ్లే ప్రతి సైకిల్‌నీ తరిమింది. పొద్దున నేను కుక్కల నుంచి తప్పించుకుని ఇంటికొచ్చేసరికి మా కుక్క ఇంకెవరినో తరుముతూ ఉండేది. అందుకే ఇక్కడ రెండు వైపుల గురించీ రాస్తున్నాను.

ముందు అసలు విషయం. కుక్క సైకిల్‌ని ఎందుకు తరుముతుంది? తన నుంచి వేగంగా దూరంగా పోయే వస్తువుని చూస్తే వెంటపడటం దాని పుట్టుకలోనే ఉంది. పైగా ఆ వీధి తనది అనుకుంటుంది. సైకిల్ వచ్చింది, తను తరిమింది, సైకిల్ పోయింది. మనం ఆఫీసుకో ఇంటికో పోతున్నామని దానికి తెలియదు కదా, తను తరిమితేనే పోయామని లెక్క వేసుకుంటుంది. అంటే రోజూ గెలుస్తోంది. గెలిచే ఆటని ఎవరు మానతారు? వీధి కుక్కకైనా, ఇంట్లో మెడకి బెల్టు ఉన్న కుక్కకైనా ఇదే లెక్క, కాబట్టి రోడ్డు మీద మనం చేయాల్సింది, ఇంట్లో కుక్కకి నేర్పాల్సింది రెండూ ఈ లెక్కని చెడగొట్టడమే.

అందుకే మొదటి మాట, పారిపోవద్దు. ఆరోగ్యంగా ఉన్న కుక్క కొద్ది దూరం గంటకి 30 కిలోమీటర్ల పైన వేగంతో పరిగెత్తగలదు, మామూలుగా మనం తొక్కేది 20, 25. ఎత్తు రోడ్డయితే 12 కూడా రాదు. కుక్కని వేగంలో గెలవడం మనలో చాలామంది వల్ల కాదు, ప్రయత్నిస్తే దానికి వేట ఇంకా రుచిస్తుంది. ఇంకో మాట, కాటు కంటే పడిపోవడమే పెద్ద ప్రమాదం. మా గుంపులో ఒకాయన శంకర్‌పల్లి రోడ్డులో కాలితో కుక్కని తన్నబోయి అదుపు తప్పి పడ్డారు. కుక్క ఆయన్ని ముట్టుకోను కూడా లేదు, కాలర్ బోన్ మాత్రం విరిగింది, మూడు నెలలు చెయ్యి ఎత్తలేకపోయారు.

మరి ఏం చేయాలి అంటే, కుక్క కనపడగానే వేగం తగ్గించండి. అది ఇంకా మీ వైపు చూడకపోతే పెడల్ ఆపేయకుండా మెల్లగా తొక్కుతూనే ఉండండి, తొక్కడం ఆపితే వెనక చక్రం ఫ్రీవీల్ టిక్ టిక్ మని శబ్దం చేస్తుంది, పడుకున్న కుక్కలు ఆ శబ్దానికి చెవులు నిక్కించడం నేను చాలాసార్లు చూశాను. అప్పటికే మొరుగుతూ వస్తుంటే, వెనక బండ్లు లేవని చూసుకుని ఆగిపోండి. కుక్క ఏ వైపు ఉందో దానికి అవతలి వైపు దిగండి, సైకిల్ మీకూ దానికీ మధ్య గోడలా ఉండాలి. దిగగానే నూటికి తొంభై సార్లు కుక్క అయోమయంలో పడి ఆగిపోతుంది, ఎందుకంటే ఇప్పటిదాకా గుండ్రంగా తిరుగుతున్న కాళ్లు, చక్రాలు పోయి మామూలు మనిషి కనిపించాడు. ఇది నా సొంత అనుభవం మీద చెబుతున్న అంచనా మాత్రమే, కానీ ఒకసారి చేసి చూస్తే మీకే తెలుస్తుంది.

దిగాక కళ్లలోకి చూడకండి, వీపు తిప్పకండి, కేకలు వేయకండి. గొంతు పెంచకుండా, ఖండితంగా ఒక్క మాట, "ఏయ్, పో!" అనండి, చాలు. మన వీధి కుక్కలకి ఈ మాట బాగా తెలుసు. సైకిల్‌ని నడిపించుకుంటూ పక్కకి పక్కకి జరుగుతూ వాటి హద్దు దాటండి. ప్రతి గుంపుకీ ఒక హద్దు ఉంటుంది, ఈ మలుపు నుంచి ఆ ట్రాన్స్‌ఫార్మర్ దాకా అన్నట్టు, అది దాటితే వెనక్కి పోతాయి. అప్పటికీ మీదకే వస్తుంటే రాయి తీస్తున్నట్టు కిందికి వంగండి, మన దగ్గర కుక్కలు ఆ కదలిక చూస్తేనే నాలుగడుగులు వెనక్కి వేస్తాయి. కానీ విసరకండి. దెబ్బ తిన్న కుక్క రేపు ఇంకో సైకిల్ మీద పగ తీర్చుకుంటుంది, ఆ సైకిల్ మీద స్కూలుకి వెళ్లే పిల్లాడు ఉండొచ్చు. రాయి కంటే నీళ్ల బాటిల్ నయం, మూతి మీదకి ఒక్కసారి చిమ్మితే చాలాసార్లు ఆగిపోతాయి.

ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. వెనక లారీ వస్తోంది, లేదా దిగుడులో మంచి వేగంలో ఉన్నారు, అప్పుడు హఠాత్తుగా బ్రేక్ వేయడం కుక్క కంటే ప్రమాదం. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నేరుగా పోండి, అటూ ఇటూ వంకర్లు తిప్పకండి, కాలు ఎత్తకండి. పక్క నుంచి మొరిగే కుక్క కంటే ముందు చక్రానికి అడ్డంగా దూరే కుక్క ఎక్కువ మందిని పడేస్తుంది, కాబట్టి చూపు ముందుకే ఉండాలి. గుంపులో తొక్కుతుంటే ముందున్నవాళ్లు "కుక్క, ఎడమ" అని అరవాలి, చెప్పకుండా ఆగితే వెనకున్నవాళ్లు గుద్దుకుంటారు.

కొందరు కర్ర కట్టుకుని తిరుగుతారు, కొందరు పెప్పర్ స్ప్రే పెట్టుకుంటారు. సైకిల్ మీద ఒక చేత్తో కర్ర తిప్పడం అంటే పడిపోవడానికి దారి, ఇక స్ప్రే ఎదురుగాలికి మన కళ్లలోనే పడుతుంది. మనకి వినపడని శబ్దం చేసే పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, ఒకటి కొని నాలుగు నెలలు వాడాను, కొన్ని కుక్కలు తల తిప్పాయి, కొన్ని పట్టించుకోలేదు. ప్రాణం దాని మీద పెట్టలేం.

రోజూ వెళ్లే దారిలో రోజూ అవే కుక్కలైతే ఇంకా మంచి పద్ధతి ఉంది. వాటి హద్దుకి 30 మీటర్ల ముందే దిగి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ నడిచి దాటండి. వారం పది రోజులు ఓపిక పట్టాలి. తర్వాత మెల్లగా తొక్కుతూ, అదే గొంతుతో పలకరిస్తూ వెళ్లండి. పక్కన టీ కొట్టాయననో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో అడిగితే వాటి పేర్లు చెబుతారు, పేరు పెట్టి పిలిస్తే సగం కోపం పోతుంది. బిస్కెట్ వేయాలనుకుంటే అవి నెమ్మదిగా ఉన్నప్పుడే వేయండి. తరుముతున్నప్పుడు వేస్తే తరమడానికి కూలి ఇచ్చినట్టే. చలికాలంలో పిల్లలు పెట్టిన తల్లి కుక్క ఉన్నచోట మాత్రం ఈ స్నేహం ప్రయత్నాలు వద్దు, రోడ్డు అవతలి పక్క నుంచి పోండి, లేదా నెల రోజులు దారి మార్చండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది, భయం ఎక్కువగా ఉన్నవాళ్లు కొన్నాళ్లు అక్కడ తొక్కి ధైర్యం తెచ్చుకోవచ్చు.

వీధి కుక్క చెవి అంచు చిన్నగా కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని, అప్పుడు రేబిస్ టీకా కూడా వేశారని గుర్తు. అలా ఆపరేషన్ చేసినవాటిని పట్టుకున్న చోటే వదలాలని 2023 ఏబీసీ (జంతువుల జనన నియంత్రణ) నిబంధనలు చెబుతాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద దూకుడుగా పడేవాటిని మినహాయించి మిగతావాటికి ఇదే మాట చెప్పింది. అయితే చెవి గుర్తు చూసి కాటుని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ టీకా ఎప్పుడు వేశారో, తర్వాత మళ్లీ వేశారో లేదో చెవి చెప్పదు.

కరిస్తే ఏం చేయాలో ఒక్కసారి చదివి గుర్తు పెట్టుకోండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. మన బాటిల్ నీళ్లు చాలవు, దగ్గర్లో పెట్రోల్ బంకో టీ కొట్టో చూసుకుని కుళాయి అడగండి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. టీకా కండకి వేస్తే మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకి వేస్తారు, చర్మంలోకి వేసే పద్ధతిలో 14వ రోజు డోసు ఉండదు. ఇప్పుడు చేతికే వేస్తారు, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. రక్తం వచ్చేలా పన్ను దిగితే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయించుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు, మీరే డాక్టర్ని అడగండి. రక్తం రాని గీత అయినా టీకా అవసరమే. "పది రోజులు కుక్కని చూద్దాం, అది బాగుంటే ఇంజెక్షన్ ఎందుకు" అని ఆగొద్దు, టీకా మొదలుపెట్టి కుక్కని గమనించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఈ టీకాలకి అందరికీ తెలిసిన చోట్లు. వారానికి నాలుగైదు రోజులు ఊరి బయట తొక్కేవాళ్లు ముందే టీకా వేయించుకోవడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి, అది పూర్తయి ఉంటే తర్వాత కాటు పడినా రెండు డోసులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు.

ఇక కుక్కని పెంచేవాళ్ల సంగతి. చిట్టి మా ఇంటికి వచ్చేటప్పటికి దానికి ఐదు నెలలు. కుక్కపిల్లలు లోకాన్ని అలవాటు చేసుకునే వయసు సుమారు మూడో వారం నుంచి మూడు నెలల దాకా, అప్పుడు సైకిళ్లు, ఆటోలు, గొడుగులు, పిల్లల అరుపులు చూసిన కుక్క తర్వాత వాటికి బెదరదు. చిట్టి ఆ వయసులో ఏం చూసిందో మాకు తెలియదు. మీ ఇంట్లో చిన్న పిల్ల ఉంటే ఈ వారాలు పోనివ్వకండి, టీకాలు పూర్తి కాకపోతే చేతుల్లో ఎత్తుకునైనా రోడ్డు చూపించండి.

మొదట బాగుచేయాల్సింది కుక్కని కాదు, గేటుని. మా ఇంట్లో పొద్దున కళ్ళాపి చల్లి ముగ్గు వేయడానికి గేటు తీస్తారు, పాల ప్యాకెట్లు వచ్చేదీ అప్పుడే, సైకిళ్లు వెళ్లేదీ అప్పుడే. చిట్టి ఆ సందులోంచి దూకేది. ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చినా ఆ ఒక్క పరుగుతో అంతా మొదటికి వచ్చేది, ఎందుకంటే ఆ పరుగులో అది మళ్లీ గెలిచింది. ముగ్గు అయ్యేదాకా దాన్ని లోపల గదిలో ఉంచడం మొదలుపెట్టాకే మిగతా పనులు ఫలించాయి.

తర్వాత దూరం. సైకిల్ ఎంత దూరంలో ఉంటే మీ కుక్క దాన్ని చూసి కూడా మామూలుగా ఉండగలదో కనిపెట్టండి. చిట్టికి అది 40 మీటర్లు. బెల్టు, తాడు వేసుకుని అంత దూరంలో నిలబడి, అది సైకిల్‌ని చూసిన మరుక్షణం ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టేవాళ్లం, గోరంత ముక్క చాలు. శాకాహారులైతే పనీర్ పెట్టొచ్చు. కొన్ని రోజులకి సైకిల్ కనపడగానే అదే తల తిప్పి మన చేతి వైపు చూస్తుంది, అప్పుడు మాత్రమే ఐదు మీటర్లు దగ్గరికి జరగండి. ముందు నిలబెట్టిన సైకిల్, తర్వాత నడిపించే సైకిల్, ఆ తర్వాత మెల్లగా తొక్కే సైకిల్. దూకింది అంటే తప్పు దానిది కాదు, మనం తొందరపడి దగ్గరికి వెళ్లాం, మళ్లీ వెనక్కి జరగాలి. మాకు 10 మీటర్లకి రావడానికి నాలుగు నెలలు పట్టింది, మధ్యలో సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి సగం మర్చిపోయింది. ఆ వారం నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కొట్టొద్దు. సైకిల్ కనపడినప్పుడల్లా దెబ్బ పడితే సైకిల్ అంటే నొప్పి అని నేర్చుకుంటుంది, భయపడ్డ కుక్క మొరగకుండా నేరుగా కరుస్తుంది. ఇంట్లో అందరూ ఒకటే మాట వాడాలి. మా అమ్మ "వద్దు" అనేది, పిల్లలు "నో" అనేవాళ్లు, నేను "చిట్టీ" అని అరిచేవాణ్ణి, పాపం దానికి ఎవరి మాట వినాలో తెలిసేది కాదు. చివరికి ఇంటిల్లిపాదికీ "ఇటు రా" ఒక్కటే ఖాయం చేశాం, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టాలి, వచ్చినందుకు ఎప్పుడూ తిట్టకూడదు, ఆలస్యంగా వచ్చినా సరే.

మీ కుక్క వల్ల ఎవరైనా పడితే "మాది ఏం చేయదండీ" అనకండి. నీళ్లిచ్చి, టీకా కార్డు చూపించి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఏటా రేబిస్ టీకా, మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్ రెండూ తప్పనిసరిగా చూసుకోండి.

శిక్షణకి సైకిల్ తొక్కే మనిషి కావాలి కదా, దానికి మా వీధి దారిన రోజూ వెళ్లే ఒక కుర్రాణ్ణే అడిగాం. చిట్టి రెండుసార్లు తరిమింది అతన్నే. ఆదివారాలు అరగంట వచ్చి మా గేటు ముందు అటూ ఇటూ తొక్కేవాడు. ఇప్పుడు అతను వెళ్తుంటే చిట్టి గేటు దగ్గర నిలబడి చూస్తుంది, ఒక్కోసారి మొరుగుతుంది, తర్వాత నా చేతి వైపు తిరుగుతుంది. కొత్త సైకిల్ వస్తే మాత్రం తాడు ఇంకా గట్టిగానే పట్టుకుంటాను.