అమెరికాలో ప్రాణాంతక వ్యాధిగ్రస్తులు వేట లైసెన్సు పొందడం ఎలా?

అమెరికాలో వేట లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఆయా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు. కాబట్టి చివరి దశ వ్యాధి ఉన్నవారికి ఫీజు రాయితీ గానీ ప్రత్యేక అనుమతి గానీ ఉందో లేదో, అది ఇతర రాష్ట్రాలవారికీ వర్తిస్తుందో లేదో ముందుగా తెలుసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వైద్యుని ధ్రువపత్రం మీద. రోగం పేరు రాయించి ఊరుకోకుండా, ప్రాణాంతక వ్యాధిని ఆ రాష్ట్రం ఏ మాటల్లో నిర్వచించిందో ఆ మాటల్లోనే, సంతకం, తేదీలతో రాయించుకోవడం మేలు. శాఖవారి ఫారం ఉంటే దాన్నే వాడాలి.

జబ్బు ఉన్నంత మాత్రాన, వేట భద్రతా శిక్షణ పొంది ఉండాలనే నియమం దానంతటదే తొలగిపోదు. అయితే టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారు ఒక్కసారికి ఆ శిక్షణను వాయిదా వేసుకుని, లైసెన్సు ఉన్న పెద్దల తోడుతో వేటాడవచ్చు. నడవలేనివారికి విస్కాన్సిన్‌లో ఇచ్చే క్లాస్ ఎ అనుమతితో, ఆగి ఉన్న వాహనం నుంచే తుపాకీ పేల్చే వీలుంది.

నొప్పికి గంజాయి వాడేవారు వైద్యుని సిఫారసు, రాష్ట్ర చట్టం అండ ఉన్నాయని ధీమాగా ఉండకూడదు. నియంత్రిత మాదకద్రవ్యాలను చట్టవిరుద్ధంగా వాడేవారు తుపాకీ కలిగి ఉండటాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తుంది గనుక, న్యాయవాదిని అడిగాకే ముందుకు వెళ్లాలి. మత్తు కలిగించే మాత్రల విషయం కూడా వైద్యునితో మాట్లాడుకోవాలి.

బాతుల వేటకు 16 ఏళ్లు నిండినవారు లైసెన్సుతో పాటు 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు (బాతుల వేటకు కేంద్ర ప్రభుత్వం అమ్మే అనుమతి స్టాంపు) విడిగా కొనాలి.