వారసత్వంగా వచ్చిన పాత కారును అమ్మే ముందు

ఇంట్లో పెద్దవాళ్లు వదిలి వెళ్లిన పాత కారు ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోయిందా? అమ్మాలనుకుంటే ముందు దానికి కొత్త రంగు వేయించకండి. ఇలాంటి కార్లు కొనేవాళ్లు తుప్పును చూసి భయపడరు, తుప్పు మీద పూసిన రంగును చూసి అనుమానపడతారు. వెలిసిపోయినా సరే, అసలు రంగుకే విలువ ఎక్కువ.

తాళం తిప్పి స్టార్ట్ చేసి చూడాలన్న ఆశనూ ఆపుకోండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది, సిలిండర్లలో పిస్టన్లు పట్టేసి ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే బాగుచేయగలిగిన ఇంజనే పాడవుతుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కు వదిలేయండి. "చాలాకాలంగా నడపలేదు" అని ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

మీరు శ్రమ పెట్టాల్సింది కాగితాల మీద. ముందు వారసుల పేరుకు యాజమాన్యం మార్పించండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పత్రాలతో సరిపోతున్నాయో లేదో స్వయంగా చూడండి. ఇప్పటి కార్లలో ఛాసిస్ నంబరుగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉన్న గుర్తింపు సంఖ్య అమెరికాలో తప్పనిసరి అయింది 1981లో. అంతకు ముందటి కార్లలో నంబరు చిన్నదిగా ఉంటే కంగారుపడనక్కర్లేదు.

పాత సర్వీసు బిల్లులు, మాన్యువల్, రెండో తాళం, ఎప్పుడో ఊడదీసి అటక మీద పెట్టిన హెడ్‌లైట్ రింగు, ఏదీ పారేయకండి. దొరకని విడిభాగం కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు. ఫొటోల్లో కారు అడుగు భాగం, తలుపుల కింది అంచులు, తుప్పు తిన్న చోట్లు దగ్గరగా చూపించండి. ధర చెప్పే ముందు అదే మోడల్ కార్లు, అదే స్థితిలో ఉన్నవి, నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో కనుక్కోండి.