పాత ఐమ్యాక్ కొనే ముందు – మూడో పాఠం: తలుపు ఎక్కడుంది?

ఐమ్యాక్ అంటే తెర, కంప్యూటర్ ఒకటిగా వచ్చే యాపిల్ మెషిన్. కిందటి రెండు పాఠాల్లో ఎర్తింగ్ సరిచూసుకోవడం, స్క్రూ డ్రైవర్లు ఎంచుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు. ఒక మెత్తటి దుప్పటి, సెల్‌ఫోన్ టార్చి ఉంటే చాలు. అమ్మకానికి పెట్టిన ఐమ్యాక్‌ను చూసి అది ఏ కాలం నాటిదో, అందులో మనం ఏం మార్చగలమో, ఏం మార్చలేమో పది నిమిషాల్లో చెప్పగలగాలి. ఇవాళ నేర్చుకునే పని అదే.

ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపుకి ఈ మెషిన్లు ఎలా వస్తున్నాయో మీకు తెలుసు. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఒక ఆఫీసు పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి కొంటుంది. ఆ పాతవి చేతులు మారి మారి మన దాకా వస్తాయి. ఫొటో స్టూడియో వాళ్లు, శుభలేఖలు వేసే డీటీపీ వాళ్లు ఆ తెర చూడగానే మనసు పడతారు. తెర నిజంగానే బాగుంటుంది. కానీ తెర వెనక ఏముందో చూడకుండా డబ్బు ఇచ్చేస్తారు.

నేనూ అలాగే దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట 21.5 అంగుళాల మెషిన్ ఒకటి తీసుకున్నాను. కాలు (స్టాండు) అడుగున ఏ1418 అని ఉంది. అదే నంబరున్న మెషిన్‌కి అంతకు ముందు ర్యామ్ (మెషిన్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) మార్చి ఉన్నాను కాబట్టి ధైర్యంగా ఉన్నాను. గుణుపురం నుంచి వచ్చిన ఒక స్టూడియో తమ్ముడికి 8 జీబీని 16 చేసి ఇస్తానని మాటిచ్చి అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాను. రాత్రంతా కూర్చుని తెర టేపు కోసి, బోర్డు బయటికి తీసి చూస్తే ర్యామ్ స్లాట్లే లేవు. చిప్పులు బోర్డుకే సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికించి) ఉన్నాయి. అది 2014 మధ్యలో వచ్చిన చవక మోడల్ అని అప్పుడు తెలిసింది. పెళ్లిళ్ల సీజన్ నడుస్తోంది. ఆ తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అడ్వాన్సు తిరిగి ఇచ్చాను కానీ అతని ఆల్బమ్ పని ఆలస్యమైంది.

అప్పటి నుంచి ఏ ఐమ్యాక్ చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే. దీనికి తలుపు ఎక్కడుంది? అంటే, లోపలికి వెళ్లడానికి తయారుచేసిన వాళ్లు మనకి ఏ దారి వదిలారు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే ఐమ్యాక్ చరిత్ర మొత్తం గుర్తుండిపోతుంది.

గాజు గూడు నుంచి తెరిచే వీపు దాకా

మొదటి ఐమ్యాక్‌ను స్టీవ్ జాబ్స్ 1998 మేలో చూపించారు. అమ్మకాలు ఆగస్టు 15న మొదలయ్యాయి. 15 అంగుళాల గాజు ట్యూబు తెర, 233 మెగాహెర్ట్జ్ పవర్ పీసీ జీ3 ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, 4 జీబీ హార్డ్ డిస్క్, ఇవన్నీ లోపలి భాగాలు లీలగా కనిపించే నీలి ప్లాస్టిక్ ఒంట్లో ఇమిడి ఉండేవి. ఫ్లాపీ డ్రైవ్ తీసేశారు, యూఎస్‌బీ పెట్టారు. ఆ ఏడాది మన దగ్గర ఫ్లాపీ లేని కంప్యూటర్ అంటే ఎవరూ నమ్మేవారు కాదు. 1999 జనవరిలో అదే మెషిన్ ఐదు రంగుల్లో వచ్చింది.

ఆ మొదటి మోడల్‌లో ర్యామ్ వెయ్యాలంటే అడుగు ప్లాస్టిక్ ఊడదీసి బోర్డునే బయటికి లాగాలి. 1999 అక్టోబరులో వచ్చిన మోడల్‌కి మాత్రం మంచి తలుపు పెట్టారు. నాణెంతో గడియ తిప్పితే తెరుచుకుంటుంది, లోపల ర్యామ్ కనిపిస్తుంది. ఆ మోడల్‌లో ఫ్యాన్ కూడా లేదు, వేడి గాలి పైకి దానంతట అదే పోయేది. ఇప్పుడు ఇలాంటిది దొరికితే షోకేసులో పెట్టుకోవడానికే కొనండి. ట్యూబు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ప్లగ్ తీసి చాలాసేపైనా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

2002 జనవరిలో జీ4 ప్రాసెసర్ తో వచ్చిన ఐమ్యాక్ ఒక అర్ధగోళం, దాని మీద స్టీలు చెయ్యి, చెయ్యి చివర పల్చటి తెర. తెరని ఒక్క వేలితో ఎటైనా తిప్పొచ్చు. అందంలో దీన్ని మించింది తర్వాత రాలేదని నా అభిప్రాయం. దీని తలుపు గోళం అడుగున ఉంది. నాలుగు స్క్రూలు వదులు చేస్తే ఒక ర్యామ్ స్లాట్ అందుతుంది. రెండోది ఇంకా లోపల ఉంటుంది.

2004 ఆగస్టు చివర్లో ప్రకటించిన జీ5 దగ్గర కాసేపు ఆగుదాం. ఇప్పుడు మనం చూసే ఐమ్యాక్ ఆకారం అక్కడే పుట్టింది. కంప్యూటర్ మొత్తం తెర వెనక్కి వెళ్లిపోయింది. మొదటి జీ5ని బోర్లా పడుకోబెట్టి, కింది అంచున మూడు స్క్రూలు వదులు చేసి, కాలితో సహా వీపు పైకెత్తితే లోపల ఉన్నదంతా కనిపిస్తుంది. పవర్ సప్లయి, డిస్క్, ఫ్యాన్లు, బోర్డు అన్నీ చేతికి అందుతాయి. చాలా భాగాలు యజమానే మార్చుకోవచ్చని యాపిలే సూచనలు ఇచ్చింది. లోపం ఎక్కడుందో తెలియడానికి బోర్డు మీద చిన్న లైట్లు కూడా ఉన్నాయి. రిపేరు చేసేవాడిని ఇంత గౌరవించిన ఐమ్యాక్ మరొకటి లేదు. అయితే ఆ కాలంలో చాలా కంపెనీల బోర్డులని పాడుచేసిన ఉబ్బే కెపాసిటర్ల (కరెంటు నిల్వ చేసే చిన్న డబ్బాల) సమస్య దీన్నీ వదల్లేదు. జీ5 ఎక్కడైనా కనిపిస్తే ముందు కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉంటే మంచివి, బూరెల్లా పొంగితే చెడిపోయినట్టు. 2005 అక్టోబరులో కెమెరాతో వచ్చిన జీ5కి మళ్లీ వీపు మూసేశారు. దాన్ని ముందు వైపు నుంచే విప్పాలి.

ఇంటెల్ కాలం: మన చేతికి ఎక్కువగా వచ్చేవి ఇవే

2006 జనవరిలో ఇంటెల్ ప్రాసెసర్ వచ్చింది. మన డీటీపీ వాళ్లకి ఇది పెద్ద మార్పు, ఎందుకంటే యాపిల్ ఇచ్చే బూట్ క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని అదే మెషిన్‌లో విండోస్ నడపొచ్చు. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు వాడి, పేజ్‌మేకర్‌లో మూడు భాషల శుభలేఖ వేసేవాళ్లకి విండోస్ లేనిదే పని జరగదు. యాపిల్ సొంత ఎమ్ చిప్‌తో వచ్చే కొత్త మెషిన్లలో బూట్ క్యాంప్ లేదు. అందుకని మీ కస్టమర్ ఏ పనికి కొంటున్నాడో ముందు అడగండి, మెషిన్ సంగతి తర్వాత.

2007 ఆగస్టులో తెల్ల ప్లాస్టిక్ పోయి అల్యూమినియం వచ్చింది. 2009 అక్టోబరులో 21.5, 27 అంగుళాల వెడల్పు తెరలు వచ్చాయి. 2009 నుంచి 2011 దాకా వచ్చినవాటి గుర్తు, కుడి పక్కన సీడీ దూర్చే సన్నని చీలిక. కాలు అడుగున 21.5కి ఏ1311, 27కి ఏ1312 అని ఉంటుంది. వెనక పోర్టు దగ్గర మెరుపు గుర్తు ఉంటే 2011, లేకపోతే 2009 లేదా 2010.

వీటి తలుపు కింది అంచునే ఉంది. మూడు స్క్రూలు తీస్తే ర్యామ్ వస్తుంది. ముందు అద్దాన్ని అయస్కాంతాలే పట్టుకుని ఉంటాయి, రబ్బరు సక్షన్ కప్పుతో లాగితే ఊడి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట వీటి మీదే చెయ్యి తిప్పాలి. కానీ డిస్క్ మార్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఈ మెషిన్లు డిస్క్ వేడిని సెన్సర్‌తో చూస్తాయి. వేరే డిస్క్ పెట్టి ఆ సెన్సర్ సంగతి వదిలేస్తే ఫ్యాన్ ఆగకుండా పూర్తి వేగంతో తిరుగుతుంది. మిక్సీ తిరుగుతున్నట్టు చప్పుడు వస్తుంటే ఎవరో డిస్క్ మార్చారని అనుమానించండి. ఇంకొకటి, 2011 నాటి 27 అంగుళాల మెషిన్లలో కొన్నింటి గ్రాఫిక్స్ కార్డులు చెడిపోయేవి. యాపిల్ అప్పట్లో ఉచితంగా మార్చి ఇచ్చింది, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. తెర మీద గీతలు కనిపిస్తే కొనొద్దు.

ఇక 2012 అక్టోబరు. అంచు 5 మిల్లీమీటర్లకి దిగింది. సీడీ డ్రైవ్ పోయింది. అద్దం, తెర ఒకటిగా కలిసిపోయి, చుట్టూ టేపుతో ఒంటికి అతుక్కున్నాయి. ముందు నుంచి చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో, విప్పేవాడికి అంత కష్టం. అంచు పల్చన చెయ్యడం కోసం తలుపు తీసేశారు. ఆ అంచు ముందు కూర్చున్నవాడి కంటికి కనిపించదు కూడా. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి.

ఒక్క 27 అంగుళాలకి మాత్రం చిన్న తలుపు మిగిల్చారు. మెషిన్‌ని దుప్పటి మీద బోర్లా పెట్టి, కరెంటు తీగ లాగేసి, తీగ దూరే రంధ్రంలోకి టార్చి వెయ్యండి. అక్కడ చిన్న బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కితే వీపు మీద తలుపు పైకి లేస్తుంది, లోపల నాలుగు ర్యామ్ స్లాట్లు. 2020 దాకా ఈ తలుపు ఉంది. ఇది చేసి చూడటానికి అమ్మేవాళ్లు అభ్యంతరం పెడితే ఆ బేరం వదిలెయ్యండి.

21.5కి తలుపు లేదు. 2012, 2013, 2017, 2019 మోడళ్లలో ర్యామ్ స్లాట్లు ఉన్నాయి కానీ బోర్డు వెనక, తెర కోసి తీస్తేనే అందుతాయి. 2014 మధ్యలో వచ్చిన చవక మోడల్‌లో, 2015 మోడళ్లలో సోల్డర్ చేసేశారు. అడుగున మాత్రం 2012 నుంచి 2017 దాకా అన్నింటికీ ఏ1418 అనే ఉంటుంది! నేను బోల్తా పడింది ఇక్కడే. 27కి కూడా 2012 నుంచి 2017 దాకా ఒకటే నంబరు, ఏ1419. అందులో 2015 దాకా డీడీఆర్3 రకం ర్యామ్, 2017కి డీడీఆర్4 రకం. వెనక రెండు టైప్-సి పోర్టులు ఉంటే 2017 అని పట్టుకోవచ్చు. మిగతావాటికి మెషిన్ ఆన్ చేయించి, పైన ఎడమ మూల యాపిల్ గుర్తు నొక్కి, మొదటి వరస తెరిచి అక్కడున్న ఏడాది చదవాల్సిందే. ఆన్ కాని మెషిన్ అయితే కాలు అడుగున సీరియల్ నంబరు ఫొటో తీసుకుని, యాపిల్ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు చూసుకున్నాకే మాట ఇవ్వండి.

2014 అక్టోబరులో 27కి 5120×2880 తెర వచ్చింది. ఫొటోల వాళ్లకి ఇది వరమే. ఆ తెరల్లో కొన్నింటికి అంచుల వెంట గులాబీ రంగు తేలుతుంది. తెల్ల పేజీ నిండుగా తెరిచి నాలుగు మూలలూ చూడండి. మూలల్లో బూడిదరంగు మరకలు ఉంటే అది తెర లోపలికి చేరిన దుమ్ము, పైన తుడిస్తే పోదు.

2021లో వచ్చిన ఎమ్1 ఐమ్యాక్ మందం 11.5 మిల్లీమీటర్లు, ఏడు రంగులు. 1999 నాటి రంగులు మళ్లీ వచ్చినట్టు అనిపించింది నాకు. పవర్ సప్లయి బయటి అడాప్టర్‌లోకి వెళ్లిపోయింది. మన కరెంటు ఎక్కువ తక్కువలకి ముందు పోయేది పవర్ సప్లయే కాబట్టి, తెర విప్పకుండా అడాప్టర్ మార్చుకోవచ్చు. అది మనకి మేలే. ర్యామ్ మాత్రం చిప్పులోనే ఉంది. తలుపు ఎక్కడా లేదు. కొన్న రోజున ఎంత ఉందో చివరిదాకా అంతే. 2024 ఎమ్4 మోడల్ నుంచి కనీసం 16 జీబీ ఇస్తున్నారు. అంతకు ముందువి 8 జీబీవి ఎక్కువగా వస్తాయి, చూసి తీసుకోండి.

ఓఎస్, తాళం

ర్యామ్ ఎంత పోసినా ఓఎస్ (మెషిన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఒక వెర్షన్ దగ్గర ఆగిపోతుంది. 2009 చివరి నుంచి 2011 దాకా వచ్చినవి హై సియర్రా దగ్గర ఆగుతాయి. 2012, 2013వి క్యాటలీనా, 2014వి బిగ్ సర్, 2015 చివరివి మాంటెరీ, 2017వి వెంచురా, 2019వి సెకోయా దాకా వెళ్తాయి. 2020 నాటి 27 అంగుళాలది టాహో దాకా వెళ్తుంది, ఇంటెల్ మెషిన్లకి అదే ఆఖరు.

హై సియర్రాతో తీసుకుంటే తెలుగువాళ్లు తప్పక చెయ్యాల్సిన పని ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో యాపిల్ పరికరాలు మన అక్షరం వల్లే ఆగిపోయాయి, గుర్తుందా? 'జ్ఞ' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు వచ్చి, ఆపైన దీర్ఘం పడితే ఆ యాప్ మూసుకుపోయేది. వారంలోపే సవరణ వచ్చింది. మీ మెషిన్‌లో హై సియర్రా 10.13.6 వెర్షన్ ఉందో లేదో చూసి, లేకపోతే అప్‌డేట్ చెయ్యండి.

తాళం సంగతి మరింత ముఖ్యం. 2020 నాటి 27 అంగుళాలది, 2017 చివర వచ్చిన ఐమ్యాక్ ప్రో, ఎమ్ చిప్పు ఉన్నవన్నీ పాత యజమాని ఖాతాకి తాళం పడి ఉండొచ్చు. అతను తన ఖాతా తీసేయకపోతే డిస్క్ చెరిపినా మెషిన్ తెరుచుకోదు. డబ్బు ఇవ్వకముందే మొత్తం చెరిపించి, కొత్తగా మొదలుపెట్టే తెర మీ కళ్ల ముందు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.

ఇంటి దగ్గర చెయ్యాల్సింది

కింద మూడు మెషిన్ల వివరాలు ఇస్తున్నాను. ఏ ఏడాదివి కావచ్చు, తలుపు ఎక్కడ, ర్యామ్ పెంచొచ్చా అనేవి కాగితం మీద రాసుకోండి.

ఒకటి, అడుగున ఏ1312, కుడి పక్కన సీడీ చీలిక, వెనక మెరుపు గుర్తు, ఫ్యాన్ చప్పుడు చాలా ఎక్కువ. రెండు, అడుగున ఏ1419, వెనక రెండు టైప్-సి పోర్టులు. మూడు, అడుగున ఏ1418, టైప్-సి లేదు, ఆన్ కావడం లేదు, అమ్మేవాడు "ర్యామ్ ఎంతైనా పెంచుకోవచ్చు" అంటున్నాడు. ఈ మూడోదానికి మీరు అతన్ని ఏం అడుగుతారో కూడా రాయండి.

జవాబులు నాలుగో పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠంలో 2012 తర్వాతి తెర టేపుని కోసి తీస్తాం. పవర్ సప్లయి కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి పని మొదలుపెట్టే ముందురోజు రాత్రే మెషిన్ ప్లగ్ తీసి ఉంచండి. తెర కోసే చక్రం పరికరం, కొత్త టేపుల సెట్టు ముందే తెప్పించుకోండి. మన ఊళ్లో దొరకవు, పార్సిల్ రావడానికి వారం పట్టొచ్చు.